మూడు చుక్కల గుర్తు

ట్రాలీ మీంచి ఇంజన్‌ను లేపుతుండగా గొలుసు ఒక కన్ను జారింది. ఇంజన్ జానెడు కిందికి దిగి, గాల్లో ఒకసారి ఊగి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా మేస్త్రి బావమరిది రెండడుగులు ముందుకు వేసి గొలుసు లాగుతున్న మనిషిని చెవి మీద కొట్టాడు. చెయ్యి తిప్పి మళ్ళీ అదే చెవి మీద కొట్టాడు.

ఆ మనిషిని తుక్కు యార్డులో అందరూ పుల్లీ అనే పిలుస్తారు. పుల్లీ గొలుసు వదల్లేదు. వదిలితే ఇంజన్ మేస్త్రి కాళ్ళ మీద పడుతుంది. రెండు చేతులూ గొలుసుకిచ్చి, తల భుజంలోకి ముడుచుకుని, రెండో దెబ్బ కూడా తిన్నాడు.

"నా షెడ్డులో చెయ్యి చేసుకోకు," అన్నాడు మేస్త్రి.

"నీ షెడ్డు మీద ఎవరు చేసుకున్నారు బావా. వాడి చెవి మీద కదా."

బావమరిది తన మాటకు తనే నవ్వుకుని, జారిపోతున్న ప్యాంటు పైకి లాక్కున్నాడు. నడుముకు బెల్టు లేదు. ప్లాస్టిక్ తాడు బిగించుకున్నాడు.

"యార్డంతా నీదే. ఒక బెల్టు కొనుక్కోలేవా?"

"ఉన్నది తెగింది. మీ చెల్లెమ్మ వీపు గట్టిది."

మేస్త్రి ఇంజన్‌ను స్టాండు మీదికి దించి బోల్టులు బిగించాడు. చనిపోయిన తన భార్యకు వీడు ఒక్కడే తమ్ముడు. ఆ ఒక్క కారణానికి ఈ షెడ్డు గుమ్మం ఎక్కనిస్తున్నాడు.

"వ్యానమ్మ కోసం," అన్నాడు బావమరిది. "దాని వ్యాన్ ఇంజన్ పోయిందిగా. బడి పిల్లలు నడిచి పోతున్నారట, పాపం. బంగారం లాంటి ఇంజన్ చూసి పెట్టాను. పైపైన చూసి మూడు దెబ్బలు వేసెయ్."

మూడు దెబ్బలంటే మేస్త్రి గుర్తు. పాత ఇంజన్‌ను విప్పి, చూసి, బాగుందనుకుంటే నంబరు పక్కన మొనదేలిన ఉలి లాంటి సెంటర్ పంచ్ పెట్టి, సుత్తితో మూడు చుక్కలు పొడుస్తాడు. పైన ఒకటి, కింద రెండు. ఆ వీధిలో పాత ఇంజన్లు కొనేవాళ్ళు ముందు వేలితో నంబరు పక్కన తడుముతారు. చుక్కలు తగిలితే ఇంకేమీ అడగరు. మళ్ళీ విప్పించరు కూడా. విప్పమంటే మేస్త్రిని అనుమానించినట్టని వాళ్ళకొక మర్యాద.

"విప్పాకే," అన్నాడు మేస్త్రి.

"విప్పు. ఎవరొద్దన్నారు. సాయంత్రానికి బిగించి ఉంచు."

బావమరిది వెళ్ళిపోయాడు. పుల్లీ గొలుసు చుట్టుకుని వెనకే వెళ్ళాడు. వెళుతూ చెవిలో వేలు పెట్టుకుని తీసి చూసుకున్నాడు.

బంగారానికి ఎవరూ రంగు వేయరు. ఈ ఇంజన్‌కు పై నుంచి కింది దాకా వెండి రంగు కొట్టారు. నూనె మరకల మీద, తుప్పు మీద, బోల్టుల తలల మీద కూడా కొట్టారు. మేస్త్రి కింద కూర్చుని అడుగున ఉన్న ఆయిల్ చాంబర్ చుట్టూ చూశాడు. అక్కడి బోల్టుల మూలల్లో మాత్రం రంగు చెక్కుకుపోయి ఇనుము మెరుస్తోంది. రంగు వేశాక ఎవరో వాటి మీద పానా వేశారు.

ప్లగ్గులు నాలుగూ విప్పి వరుసగా గుడ్డ మీద పెట్టాడు. మూడోది నల్లగా తడిసి ఉంది. కంప్రెషన్ మీటర్ పెట్టి చూస్తే మూడో సిలిండరే కొంచెం తక్కువ చూపించింది. అది పెద్ద లెక్కలోది కాదు, రింగులు మార్చుకుంటే పోతుంది. అతను పొడవాటి రాడ్డు తెచ్చి ముందు నట్టుకు తగిలించి, కళ్ళు మూసుకుని, ఇంజన్‌ను చేత్తో తిప్పాడు.

ఈ పని అతను తొందరగా చేయడు. మీటర్లు చెప్పనిది రాడ్డు చెబుతుంది. ఇనుము ఇనుము మీద తిరిగితే చేతికి ఒక గట్టిదనం తెలుస్తుంది. ఇది ఒక చోట మెత్తగా తిరిగింది. అక్కడే ముందుకూ వెనక్కూ ఆడించాడు. పరుపు మీద కాలు వేసినట్టు అణిగి లేస్తోంది. ఇంజన్‌లో మెత్తటి వస్తువు ఉండకూడదు.

ఆయిల్ వదిలితే ధార కట్టలేదు, ముద్దలుగా జారింది. గేరు ఆయిల్ కలిపారు. చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు అణుగుతుంది. ఫిల్టర్‌ను రంపంతో కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో పట్టుకున్నాడు. మడతల నిండా సన్నటి రాగి రంగు రజను, బేరింగ్ అరిగి రాలింది.

చాంబర్ విప్పాడు. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే మూడో కనెక్టింగ్ రాడ్డు టోపీ విప్పాడు. బేరింగ్ ఉండాల్సిన చోట బేరింగ్ లేదు. నూనెలో నాని నల్లబడిన తోలు ముక్క ఉంది. ఎవరో కత్తిరించి, వంచి, సరిగ్గా కూర్చోబెట్టారు. అరిగిపోయిన రాడ్డు కొట్టుకునే చప్పుడు వినపడకుండా తోలు పెట్టారు.

గుడ్డతో తుడిచాడు. ముక్క మధ్యలో గుండ్రటి బెజ్జం ఉంది. బెజ్జం చుట్టూ ఇత్తడి రింగు. ఇంకో చివర ఒక కుట్టు వరస.

బెల్టు.

మేస్త్రి ఆ ముక్కను చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. వాడు ఇది ఎక్కడో మోసపోయి కొనలేదు. స్వయంగా విప్పి, స్వయంగా పెట్టాడు. తోలు కొన్నాళ్ళు ఆగుతుంది. తర్వాత కాలిపోతుంది. రాడ్డు తెగి ఇంజన్ పక్క చీల్చుకుని బయటికి వస్తుంది. ఆయిల్ కాలి ఉన్న సైలెన్సర్ గొట్టం మీద పడి అంటుకుంటుంది. వ్యాన్‌లో ఇంజన్ డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. సీటు వెనక పిల్లలు ఉంటారు.

*

సాయంత్రం బావమరిది పుల్లీని వెంటబెట్టుకుని వచ్చేసరికి ఇంజన్ విప్పి ఉంది. తోలు ముక్క బల్ల మీద, సామాను బిగించి పట్టుకునే వైస్ పక్కన ఉంది. బావమరిది దాన్ని చూశాడు, మేస్త్రిని చూశాడు.

"బిగించలేదేం?"

"వేరే బేరింగ్ తీసుకురా. క్రాంకు అరిగింది, సాన పట్టించు. అప్పుడు చూద్దాం."

"అవన్నీ చేయిస్తే నాకేం మిగులుతుంది?"

"ఏమీ మిగలదు."

"బావా, వ్యానమ్మ దగ్గర డబ్బు తీసేసుకున్నాను. అది యార్డులో పెట్టేశాను కూడా."

"తిరిగిచ్చెయ్."

"గుర్తు వెయ్."

"వెయ్యను. నువ్వు అమ్మితే నేనే వెళ్ళి చెబుతాను. ఇదిగో, నీ బెల్టు చూపించి చెబుతాను."

బావమరిది తల ఊపాడు. ఒప్పుకున్నట్టే కనిపించాడు. పక్కకు తిరిగి పుల్లీతో షట్టర్ సగం దించమన్నాడు. పుల్లీ దించాడు. మేస్త్రి తోలు ముక్క కోసం చెయ్యి చాపాడు. ఆ చేతినే బావమరిది పట్టుకున్నాడు. మెలిపెట్టి, మెడ మీద మోచెయ్యి ఆనించి మేస్త్రి మొహాన్ని బల్లకు అదిమాడు. వైస్ తెరిచే ఉంది. కుడి చేతిని దాని దవడల మధ్య పెట్టి హ్యాండిల్ తిప్పాడు.

ఆ వైస్ మీద అతనికి పని నేర్పింది మేస్త్రే. వస్తువు నలగకుండా ఎంతవరకు తిప్పాలో, ఎక్కడ ఆపాలో, హ్యాండిల్ మీద అతని చేతిని పట్టుకుని చూపించాడు. బావమరిది అక్కడ ఆపలేదు.

ముందు చిటికెన వేలు విరిగింది. ఎండు పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు. తర్వాత దాని పక్క వేలు. తర్వాత అరచేతిలో ఏదో కదిలింది, దానికి చప్పుడు రాలేదు. మేస్త్రి నోట్లోంచి వచ్చిన కేక అతనికే కొత్తగా వినిపించింది.

"పంచ్ ఎక్కడ?"

మేస్త్రి చెప్పాల్సిన పని లేకపోయింది. సొరుగు ఏదో బావమరిదికి తెలుసు. పంచ్ తీసి, సుత్తి తీసి, ఇంజన్ నంబరు పక్కన పెట్టి మూడు దెబ్బలు వేశాడు. పైన ఒకటి, కింద రెండు. వేలితో తడిమి చూసుకున్నాడు.

"అంతే కదా బావా. దీనికి ఇంత రాద్ధాంతమా."

మేస్త్రి చెయ్యి వైస్‌లోనే ఉంది. ఎడమ చేత్తో హ్యాండిల్ అందుకోబోతే బావమరిది ఆ చేతి మీద సుత్తి ఆనించి, "ఉండు, పని కానీ," అన్నాడు. పుల్లీని పిలిచాడు. ఇద్దరూ కలిసి తోలు ముక్కను ఉన్న చోటే పెట్టి టోపీ బిగించారు. చాంబర్ మూశారు. పుల్లీ ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. మేస్త్రి వంగి నిలబడి, నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతున్న తన రక్తాన్ని చూస్తూ, తన షెడ్డులో జరుగుతున్న పనంతా విన్నాడు.

"ఈ బోల్టు ఎంత బిగించాలంటావు బావా?" అని అడిగాడు బావమరిది మధ్యలో. "నువ్వే చెప్పాలి. గురువువి."

ఇంజన్ ట్రాలీ ఎక్కింది. బావమరిది పంచ్‌ను మేస్త్రి కాళ్ళ దగ్గరికి విసిరేశాడు.

"నీది నీకే. మేం దొంగలం కాదు."

షట్టర్ లేచింది. వీధి వెలుతురు లోపలికి వచ్చింది. మేస్త్రి ఎడమ చేత్తో హ్యాండిల్ వెనక్కి తిప్పి చెయ్యి బయటికి తీసుకున్నాడు. అది అతని చెయ్యిలా లేదు.

*

ఆసుపత్రిలో ఎలా జరిగిందని అడిగితే, వైస్‌లో పడిందని చెప్పాడు. అది అబద్ధం కాదు. మోచేతి దాకా కట్టు వేశారు. రెండు వేళ్ళు ఇక ముడుచుకోవని చెప్పారు.

మర్నాడు బావమరిది భార్య అన్నం డబ్బా తీసుకుని షెడ్డుకు వచ్చింది. కింది పెదవి చీలి ఉంది. డబ్బా బల్ల మీద పెట్టబోయి, వైస్ చూసి, స్టూలు మీద పెట్టింది.

"కేసు పెడతావా అన్నయ్యా?"

"స్టేషన్ జీపు మొత్తం మీ యార్డు సామానే. ఎవరి మీద పెట్టను?"

"నేను పెట్టొద్దని చెప్పడానికి వచ్చానని అనుకుంటున్నావు కదా."

"మరి?"

"ఎందుకు వచ్చానో నాకే తెలీదు. రేపు వ్యానమ్మ ఇంజన్ తీసుకుపోతుంది. అందులో ఏముందో నాకు తెలుసు. అది కత్తిరించింది నా కత్తెరతో. ఏం కుడుతున్నావని అడిగినందుకు ఇదిగో, ఇది." పెదవి చూపించింది. "తిను. చల్లారిపోతుంది."

మేస్త్రి ఎడమ చేత్తో తిన్నాడు. సగం కింద పడింది. ఆమె చూడనట్టు వైస్ దవడల మీద ఎండిన రక్తాన్ని వేస్ట్ గుడ్డతో తుడిచింది.

మధ్యాహ్నం అతను వ్యానమ్మ ఇంటికి నడిచి వెళ్ళాడు. ఆమె వ్యాన్ సీటు ఎత్తి, ఖాళీ ఇంజన్ గుంతను కిరోసిన్‌తో కడుగుతోంది. బలమైన మనిషి. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"రండి మేస్త్రీ గారూ. చూడండి ఎలా కడిగానో. కొత్తకోడలు వచ్చే ఇల్లులా లేదూ?"

"ఆ ఇంజన్ తీసుకోకమ్మా. అందులో బేరింగ్ లేదు. తోలు పెట్టి మూశారు."

ఆమె కుంచె పక్కన పెట్టింది.

"యార్డుకు వెళ్ళి చూసొచ్చాను. మీ గుర్తు ఉంది. వేలు పెట్టి తడిమాను."

"అది నేను కొట్టలేదు."

"మీ బావమరిది ముందే చెప్పాడు, మీరొచ్చి ఇలాగే అంటారని. వాటా దగ్గర మీ ఇద్దరికీ తేడా వచ్చిందట కదా."

మేస్త్రి కట్టు కట్టిన చెయ్యి ముందుకు పెట్టాడు.

"అదీ చెప్పాడు. మీరు మీద పడితే తోశాడట, వైస్ మీద పడ్డారట. మీ ఇంటి గొడవల్లోకి నన్ను లాగకండి మేస్త్రీ. పిల్లల తల్లులు రోజూ వచ్చి నిలబడుతున్నారు."

"చాంబర్ విప్పమని అడుగు. అదొక్కటీ చెయ్."

"మీ గుర్తున్న ఇంజన్ విప్పమంటే వీధంతా నవ్వుతారు. నోటి మాట నమ్మకండి, గుర్తు చూడండి అని ఎప్పుడూ చెప్పేది మీరే కదా. ఇప్పుడు గుర్తుని నమ్మాలా, మిమ్మల్ని నమ్మాలా?"

ఆమె నిజంగానే అడిగింది. మేస్త్రి ఖాళీ గుంత అంచు మీద చెయ్యి పెట్టి, వెనక వరసలుగా ఉన్న చిన్న సీట్లు చూశాడు. ఒక సీటు వీపు మీద ఎవరో పిల్లవాడు మేకుతో పిల్లి బొమ్మ గీశాడు.

*

మర్నాడు వీధిలో దుకాణాలన్నీ తెరిచాక, మేస్త్రి సుత్తి, పంచ్ తీసుకుని యార్డుకు వెళ్ళాడు. బావమరిది వ్యానమ్మను, ట్రాలీని తీసుకురావడానికి వెళ్ళాడని పుల్లీ చెప్పాడు. చెప్పి పక్కకు తప్పుకున్నాడు.

గేటు పక్కనే తుప్పు పట్టి చిల్లులు పడిన సైలెన్సర్ ఉంది. మేస్త్రి దాని ముందు కూర్చున్నాడు. కట్టులోంచి బయటికి వచ్చిన వేళ్ళ మధ్య పంచ్ ఇరికించి ఎడమ చేత్తో సుత్తి వేశాడు. పంచ్ ఎగిరిపోయింది. నొప్పి భుజం దాకా పాకింది. తెచ్చుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎగిరింది. పంచ్‌కు ఒక చెయ్యి, సుత్తికి ఒక చెయ్యి కావాలి. అతనికి ఉన్నది ఒక్కటే.

యార్డు వెనక గదిలోంచి బావమరిది భార్య వచ్చింది. కాసేపు నిలబడి చూసింది. తర్వాత దూరంగా పడ్డ పంచ్ తీసుకుని అతని ఎదురుగా గొంతుకూర్చుంది.

"ఎక్కడ పెట్టాలి అన్నయ్యా?"

"పక్కకు పోమ్మా. ఎడమ చెయ్యి నాకు తిరగదు. నీ వేళ్ళ మీద పడుతుంది."

"పడనీ."

పంచ్ నిలబెట్టింది. అతను కొట్టాడు. పైన ఒకటి, కింద రెండు. సైలెన్సర్ మీద గుర్తు పడింది.

తర్వాత సొట్టపోయిన కారు తలుపు మీద కొట్టారు. విరిగిన ఫ్యాను రెక్క మీద కొట్టారు. చిల్లు పడ్డ నీళ్ళ డ్రమ్ము మీద, చక్రం లేని పిల్లల సైకిలు మీద, గేటు స్తంభం మీద, తూకం పళ్ళెం మీద కొట్టారు. చప్పుడుకు పక్క దుకాణాల వాళ్ళు వచ్చారు. ముందు నవ్వారు.

"మేస్త్రీ, నా టిఫిన్ డబ్బా కూడా మంచి కండిషన్," అని ఒకడు ముందుకు పెట్టాడు. మేస్త్రి దాని మీద కూడా కొట్టాడు. మూత సొట్టపోయింది. అందరూ ఇంకా నవ్వారు.

నవ్వు ఎక్కువసేపు లేదు. వాళ్ళ దుకాణాల్లోనూ మూడు చుక్కలున్న ఇంజన్లు ఉన్నాయి. ముందు ఒకరికి అర్థమైంది. తర్వాత అందరికీ అర్థమైంది.

"ఆపు మేస్త్రీ. ఏం చేస్తున్నావో తెలుస్తోందా? నీ పేరు నువ్వే చంపుకుంటున్నావు. మా కడుపు కొడుతున్నావు."

మేస్త్రి ఆపలేదు. ఎలుక కొరికిన వైర్ల పెట్టె మీద కొట్టబోతే సుత్తి జారి ఆమె బొటనవేలి మీద పడింది. గోరు కింద రక్తం చిమ్మింది. ఆమె పళ్ళు బిగించి గాలి లోపలికి పీల్చింది. పంచ్ కదలలేదు.

"కానీ," అంది.

ట్రాలీ గేటు ముందు ఆగింది. బావమరిది దిగి, గుంపును తోసుకుని వచ్చాడు. చూసింది అర్థం కావడానికి అతనికి కొంచెం సేపు పట్టింది. ముందు భార్య జుట్టు పట్టుకుని లాగాడు. ఆమె పక్కకు ఒరిగింది, పిడికిలి మాత్రం తెరవలేదు. తర్వాత మేస్త్రి పక్కటెముకల్లో తన్నాడు. మేస్త్రి కట్టు ఉన్న చేతి మీదే పడ్డాడు. లేవబోతే పాత స్ప్రింగు పట్టీ తీసుకుని వీపు మీద వేశాడు. మళ్ళీ వేశాడు.

"అక్క మొహం చూసి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను బావా."

మేస్త్రి నోట్లో రక్తం నేల మీద ఉమ్మేశాడు.

"మీ అక్క ఉంటే ఆ పంచ్ తనే పట్టుకునేది."

వ్యానమ్మ ఆ కొట్లాటలోకి రాలేదు. గేటు స్తంభం దగ్గర ఆగి, గుర్తు మీద వేలు పెట్టింది. సైలెన్సర్ దగ్గరికి వచ్చి తడిమింది. నీళ్ళ డ్రమ్ము తడిమింది. టిఫిన్ డబ్బా వాడి చేతిలోంచి డబ్బా తీసుకుని తడిమి తిరిగిచ్చింది. చివరికి వెండి రంగు ఇంజన్ ముందు నిలబడి నంబరు పక్కన తడిమింది.

"అన్నీ ఒకేలా ఉన్నాయి," అంది.

"పిచ్చెక్కిందమ్మా ముసలోడికి. చూస్తున్నావుగా."

ఆమె బావమరిది వైపు తిరగలేదు.

"మేస్త్రీ గారూ, ఈ సైలెన్సర్ నా బండికి బిగించుకోవచ్చా?"

"దాని మీద గుర్తు ఉందిగా," అన్నాడు మేస్త్రి కింద నుంచే.

ఆమె ఇంజన్ అడుగు భాగం వైపు వేలు చూపించింది.

"చాంబర్ విప్పండి."

"గుర్తున్న ఇంజన్ ఎవరైనా విప్పిస్తారా అమ్మా? వీధిలో అడుగు," అన్నాడు బావమరిది.

"ఏ గుర్తు?" అంది వ్యానమ్మ.

పుల్లీ పానా పట్టుకుని వచ్చాడు. అతన్ని ఎవరూ పిలవలేదు. ఇంజన్ పక్కన వంగబోతుండగా బావమరిది చెయ్యి అలవాటుగా అతని చెవి మీదికి లేచింది. మొన్న పుల్లీ రెండు చేతుల్లో గొలుసు ఉంది. ఇవాళ లేదు. పానాతో ఆ మోచేతి మీద ఒక్కటి వేశాడు. బావమరిది అరిచి, చెయ్యి పట్టుకుని తుక్కులో కూలబడ్డాడు. పుల్లీ అతని వైపు చూడకుండా కూర్చుని మొదటి బోల్టు విప్పడం మొదలుపెట్టాడు.

మేస్త్రి లోపల ఏముందో చూడడానికి ఆగలేదు. డ్రమ్ము ఆసరాగా లేచి గేటు వైపు నడిచాడు. వెనక బోల్టులు ఒక్కొక్కటే రేకు పళ్ళెంలో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. దుకాణాల వాళ్ళు దారి ఇచ్చారు. ఎప్పుడూ పలకరించే వాళ్ళు మొహం తిప్పుకున్నారు. ఒకడు అతను పోయే దాకా ఆగి, షట్టర్ గట్టిగా కిందికి లాగాడు.

షెడ్డు దగ్గరికి వచ్చాక వెనక్కి చూస్తే బావమరిది భార్య ఉంది. పిడికిలి ఇంకా బిగిసే ఉంది. తెరుద్దామన్నా తెరుచుకోవడం లేదు. మేస్త్రి ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, ఎడమ చేత్తో వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. పంచ్ అరచేతికి అంటుకుపోయి ఉంది.

"దీన్ని ఎక్కడ పెట్టమంటావు?"

"తుక్కులో పారెయ్. ఇక నేను గుర్తు వెయ్యను. వేసినా ఎవరూ నమ్మరు."

ఆమె పారెయ్యలేదు. గోరు ఊడిన వేలికి వేస్ట్ గుడ్డ చుట్టుకుంది. లేచి షట్టర్ దించి, లోపలి నుంచి గొళ్ళెం పెట్టింది. దానికి ఎదురుగా స్టూలు లాక్కుని, పంచ్‌ను మొన ముందుకు వచ్చేలా రెండో చేతిలోకి మార్చుకుని కూర్చుంది.

"వస్తాడు అన్నయ్యా."

"వస్తాడు," అన్నాడు మేస్త్రి. సుత్తి తీసుకెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు.